మేనత్త సంచీ

పెళ్లి చేసుకోని ఆ మేనత్త ఎవరింట్లో దిగినా సంచీ పూర్తిగా విప్పదు. "అత్తకేముంది, ఎక్కడైనా సర్దుకుంటుంది" అంటారు అందరూ. ఇంటిల్లిపాదీ ఓడలో విహారానికి గదులు మాట్లాడుకున్నప్పుడూ అంతే. ఎవరో ఒకరు రాలేమన్నప్పుడల్లా మారింది ఆమె గదే. ముందు పిల్లల గదిలో పై బెర్తు, తర్వాత గురకపెట్టే అక్కయ్య పక్కన మంచం. చెవుల్లో పెట్టుకోవడానికి దూది కూడా తెచ్చుకుంది. తీరా బయల్దేరే రోజు పొద్దున అక్కయ్య జ్వరంతో ఇంట్లోనే ఉండిపోయింది.

ఓడ ఎక్కాక మేనల్లుడు వచ్చి గది తలుపు తట్టేసరికి, ఆమె ఒళ్లో సంచీతో మంచం అంచున కూర్చుని ఉంది. "ఈసారి ఎక్కడికిరా?" అంటూ లేచింది. "ఎక్కడికీ లేదత్తా! గదంతా నీదే, హాయిగా కాళ్లు చాపుకో" అని వెళ్లిపోయాడు. ఆమె సంచీ విప్పింది. ఉన్న నాలుగు జతల బట్టలూ బీరువాలో ఓ మూలకు ఒత్తిపెట్టి, మిగతా చోటంతా ఖాళీగా ఉంచింది.