ఎడమవైపు పరుగు

మదనపల్లె బస్టాండు పక్కన పాత వీడియోగేములను కంప్యూటర్లలోకి ఎక్కించిచ్చే గంగులప్ప, పని ముగిసేదాకా పళ్లమధ్య నుంచి స్క్రూడ్రైవర్ తీయడు. ఇవాళ దవడలు బిగుసుకుపోయాయి. మొన్న సుప్రజ ఇచ్చిపోయిన ల్యాప్‌టాప్‌లో గేము తెరుచుకుంటోంది గానీ, బొమ్మ దానంతటదే ఎడమకు పరిగెత్తి గుంటలో పడుతోంది. సెట్టింగులు మార్చాడు. పాత గేమును నడిపించే ఎమ్యులేటర్ ప్రోగ్రామునే మార్చాడు. మళ్లీ గుంటే.

"కుప్పం బస్సు కదుల్తాండాదప్పా! ఆడ ఆసుపత్రిలో బిడ్డ దీనికోసరమే ఎదురుసూస్తాండాడు," కొట్టు గుమ్మంలోంచి తొందరపెట్టింది సుప్రజ.

గంగులప్ప ఇంకో స్క్రూడ్రైవర్‌తో, ల్యాప్‌టాప్‌తోపాటు ఆమె ఇచ్చిన జాయ్‌స్టిక్ విప్పాడు. ఎడమ బటన్ కింద గట్టిపడిన కుంకుమ. నిన్న ఆయుధపూజలో కొట్లోని సామాన్లన్నిటితోపాటు దీనికీ తనే తడిబొట్టు పెట్టాడు. బ్రష్షుతో గీకి, బిగించి, తగిలించాడు. బొమ్మ కదలకుండా నిలబడింది.

సుప్రజ చెయ్యి చాపింది.

గంగులప్ప పళ్లమధ్య స్క్రూడ్రైవర్ తీసి పక్కన పెట్టి, "ఉండమ్మా," అని కుంకుమ భరిణె తీసి జాయ్‌స్టిక్‌కు మళ్లీ బొట్టు పెట్టాడు. ఈసారి వెనకపక్క.