నాలుగో గుడ్డు

"...పోయినేడు గుడ్డు పగలడం ఫొటోలో కనబడనే లేదు పెద్దాయనా, ఈసారైనా పెద్దది తెప్పించు!"

"నీ కెమెరా సంగతి కోడికి నేను చెప్పాలా, ఓజెరా? ఉన్నదే మా అమ్మాయి తొక్కుతుంది."

పునరావాస సంస్థ ఉద్యోగి ఓజెరా, బాబాయి ఓడోంగ్ అలా వాదించుకుంటుంటే లన్యేరో వేరుశెనగ ముద్ద నూరుతోంది. పదకొండేళ్లప్పుడు తిరుగుబాటుదారులు ఆమెను ఎత్తుకుపోయి చేతికి తుపాకీ ఇచ్చారు. పంతొమ్మిదో ఏట తప్పించుకొచ్చింది. వాళ్ల అచోలీ తెగ ఆచారం ప్రకారం వాకిట్లో పచ్చిగుడ్డు తొక్కితే చేసిన పాపం బయటే ఆగిపోతుంది. ఆమె తొక్కింది, అందరూ ఏడ్చారు, లోపలికి రానిచ్చారు. అక్కడితో అయిపోవాలి. కానీ విరాళాలిచ్చే దొరలకు ఆ తొక్కడం తెగ నచ్చేసింది. ఆ తర్వాత రెండుసార్లు వచ్చి, ఆమెను వాకిలి బయట నిలబెట్టించి, మళ్లీ గుడ్డు తొక్కించి, మళ్లీ క్షమింపజేసి, చల్లగా సోడాలు తాగి వెళ్లారు.

సంతలో ఆడవాళ్లకు మాత్రం అనుమానం మొదలైంది. ఇన్నిసార్లు కడిగినా వదలలేదంటే అదెంత మురికో! ఇప్పుడు ఆమె ముద్ద కొనేవాళ్లు ఇద్దరే మిగిలారు. ఆ ఇద్దరూ చుట్టుపక్కల చూసి మరీ కొంటున్నారు.

"చెప్పులు విప్పి రావే అమ్మాయ్, దొరల కారొచ్చింది," అని ఓడోంగ్ కేకేశాడు. "కాస్త ఏడుపు మొహం పెట్టు," అని ఓజెరా అందుకున్నాడు.

లన్యేరో చేతులు కడుక్కుని లేచింది.

"నేను ఇంట్లోకొచ్చి పదేళ్లయింది బాబాయ్. ఇక గుడ్డు తొక్కను. ఆ మాట దొరలకు ఇక్కడే చెప్తాను, రేపు సంతలోనూ చెప్తాను."