నలుపు పడని సగం

నా చిన్నప్పుడు మా ఊరి జమీందారుగారింట్లో ఎవరైనా పోతే పెద్ద హాలు గోడకి ఒక చెక్క పలక తగిలించేవారు. ఇంగ్లీషు దొరల్ని చూసి ఏనాడో నేర్చుకున్న ఆచారమట. పలక మీద వాళ్ళ వంశ ముద్ర, రెండు కత్తుల మధ్య ఏనుగు ఉండేది. భర్త పోతే ఆయన వైపు సగం నలుపు, బతికి మిగిలిన భార్య వైపు సగం తెలుపు వేసేవారు. ఏడాది పాటు దించకూడదు. ఆ పలక రాసేది మా తాతయ్య.

జమీందారుగారు పోయినప్పుడు నాకు తొమ్మిదేళ్ళు. రంగు ఇంకా ఆరకముందే రాణిగారు స్వయంగా మా వసారాలోకి వచ్చారు. "నా వైపు కూడా నలుపే వేసెయ్. నేను మాత్రం బతికున్నట్టా?" అన్నారు. తాతయ్య చేతులు కట్టుకుని నిలబడ్డాడు గానీ ఒప్పుకోలేదు. ఆవిడ వెళ్ళాక, బతికున్న మనిషిని బతికున్నట్టు చూపించడమే మనం చేయగలిగిన ఉపకారమని నాకు చెప్పాడు. మా తాతయ్యంత మంచివాడు లేడనుకున్నాను.

ఏడాది తిరిగాక పలక దించడానికి నన్నూ వెంట తీసుకెళ్ళాడు. రాణిగారు దాని ఎదురుగానే కూర్చుని ఉన్నారు. చిక్కి సగమయ్యారు. "మేలు చేశాననుకున్నావు. రోజూ లేచి ఆ తెలుపే చూశాను" అన్నారు, కోపం లేకుండా. తాతయ్య ఆ తర్వాత మళ్ళీ పలక రాయలేదు.

ఇప్పుడు నేను ఖతర్‌లో, ముఐథర్ అనే చోట ఒక అరబ్బీ ఇంట్లో డ్రైవర్ని. మా అబ్బాయిని ఇక్కడికి రప్పించింది నేనే. వాడొద్దన్నా వీసా తీయించాను. పోయిన నెల డ్యూటీలో ఎండకి పడిపోయాడు, మళ్ళీ లేవలేదు. శవపెట్టె ఊరికి పంపాక, వాడితో లేబర్ క్యాంప్‌లో ఉండే కుర్రాళ్ళు ఊళ్ళో మా ఇంటి ముందు కట్టడానికని ఫోన్లోనే శ్రద్ధాంజలి ఫ్లెక్సీ తయారుచేశారు.

"బాబాయ్, కింద ఇంట్లోవాళ్ళ పేర్లు వేస్తున్నాం" అన్నారు.

నా పేరు వద్దురా అన్నాను. బతిమాలాను కూడా.

"అదేంటి బాబాయ్, కన్నతండ్రి పేరు లేకపోతే ఎలా?"

తాతయ్యది తప్పని ఇవాళ్టికీ అనలేను. ఆ కుర్రాళ్ళదీ మంచి మనసే. ఓదార్చడానికి ఎవరి దగ్గరికి వెళ్ళినా రాణిగారి మాట గుర్తొచ్చి, కాసేపు పక్కన కూర్చుని వచ్చేస్తాను. ఇప్పుడు నన్ను ఓదార్చడానికి వచ్చేవాళ్ళ మాటలు వినలేకపోతున్నాను.

నిన్న మా ఆవిడ ఆ ఫ్లెక్సీని ఫోటో తీసి పంపింది. వాడి బొమ్మ కింద, మిగిలినవాళ్ళలో మొట్టమొదటి పేరు నాదే.