చెప్పాపెట్టకుండా వెళ్ళిపొమ్మన్నారు

మా చెల్లెలి మనవరాలు హారికకు ఈ రోజే ఏలూరులో నర్సరీ మొదలు. నేనే తీసుకెళ్ళాను. పిల్ల బొమ్మలు చూస్తుండగా టీచరమ్మ నా చెవి దగ్గరకు వచ్చారు.

"వెనక గేటులోంచి వెళ్ళిపోండమ్మా. మీరు వెళ్ళడం చూస్తే ఏడుస్తుందండీ."

"మేం గుడికి వెళ్ళినా దానికి చెప్పే వెళ్తామండీ. దొంగలా జారుకోవడం నా వల్ల కాదు."

"అందరూ అలాగే వెళ్తారండీ," అన్నారావిడ.

నాకు ఒళ్ళు మండింది. పిల్ల పక్కన కూర్చుని, "భోజనం గంట కొట్టగానే వస్తాను తల్లీ," అని చెప్పి లేచాను. గట్టిగానే ఏడ్చింది. టీచరమ్మ 'చూశారా' అన్నట్టు చూశారు.

గంట కొట్టేసరికి గుమ్మంలో ఉన్నాను. హారిక ఏడుపు మానేసి, ఇంకా వెక్కుతున్న పక్క పాపను అడుగుతోంది.

"మీ అమ్మ చెప్పి వెళ్ళిందా?"

ఆ పాప తల అడ్డంగా ఊపింది.

చదువు మోసంతోనే మొదలుపెట్టాలా? మీరే చెప్పండి.