మామ చెయ్యి పడితే ఊరుకునే పెట్టె

ఆ రోజుల్లో మా వైపు చప్పుడుకు ఉన్న మర్యాద ప్రొద్దుటూరు బంగారానికి కూడా ఉండేది కాదు. పెళ్లి ఎంత ఘనంగా జరిగిందో వంటల్ని బట్టి కాదు, మైకు ఎంత దూరం వినపడిందో దాన్ని బట్టి చెప్పుకునేవాళ్లు. ఇప్పుడు అరచేతిలో పట్టే డబ్బా ఒకటి తీగ అవసరం కూడా లేకుండా ఇల్లు అదిరేలా పాడుతుంటే ఎవరూ తల తిప్పి చూడరు. అప్పుడు పందిరి గుంజకు మైకు బూర కడుతుంటే ఆ కట్టేవాణ్ణి పెళ్లికొడుకుతో సమానంగా చూసేవాళ్లు. అలాంటి కాలంలో, ప్రొద్దుటూరు బంగారు అంగళ్ల వెనక సందులో, నేను నా రెండు చేతులతో నూరు వాట్ల ఆంప్లిఫైయరు తయారుచేశాను. ఇక్కడ మోగిస్తే జమ్మలమడుగులో పిల్లలు నిద్ర లేచేవాళ్లు. (నూరు కాదు, ఇరవై ఉంటాయేమో. జమ్మలమడుగు కూడా కాదు, మా సందు మొగదల ఉన్న టీ అంగడి దాకా వినపడేది, అదీ గాలి అటు వీస్తే. నేను ఏం రాసినా మా ఆమె చదివాకే గడప దాటాలని ఈ ఇంట్లో ఒక కట్టుబాటు ఉంది. అందుకని కోతలు కోసిన చోటే దిద్దుకుంటూ పోవడం అలవాటు చేసుకున్నాను.)

నాది రేడియోలు బాగుచేసే చిన్న అంగడి. పాత పత్రికలోంచి చించుకున్న సర్క్యూటు బొమ్మను చూసి పెట్టె కట్టడం మొదలుపెట్టాను. ట్రాన్స్‌ఫార్మరు మోటార్లు చుట్టే ఆయన్ని బతిమాలి చుట్టించుకున్నది. పెట్టె ఒళ్లంతా బిస్కెట్ల డబ్బా రేకు. లోపలి ట్రాన్సిస్టర్ల వేడిని లాగడానికి కత్తిరించి బిగించిన అల్యూమినియం పలక మాత్రం అంతకు ముందు రోజు వరకూ మా అమ్మ పప్పుగిన్నె మీద మూత. మొదటిసారి స్విచ్చి వేస్తే పొగ వచ్చింది. రెండోసారి వేస్తే పాట వచ్చింది. నేను అంగట్లో ఒంటరిగా గంతులేశాను. పాట ఆగాక తెలిసింది, దాని వెనక ఇంకొకటి కూడా వస్తోందని. గుయ్యిమని ఒకటే మోత, తుమ్మెదను డబ్బాలో పెట్టి మూసినట్టు. కెపాసిటర్లు పెద్దవి వేశాను, తీగలు జడలల్లినట్టు మెలేశాను, ట్రాన్స్‌ఫార్మరును నిలువు నుంచి అడ్డం తిప్పాను. గుయ్యి తగ్గలేదు గానీ శ్రుతి మారింది.

ఇక్కడ మా మామను పరిచయం చేయాలి. మా అమ్మకు తమ్ముడు, పులివెందుల దగ్గర సేద్యం, దిట్టమైన మీసం, అంతకంటే దిట్టమైన గొంతు. మా నాయన బడిపంతులు. బడిలో ఏం చెప్పేవాడో గానీ, ఇంట్లో ఆఖరి మాట మాత్రం మామదే. ఆ మామ నాకోసం చిలమకూరు సిమెంటు ఫ్యాక్టరీలో గుమాస్తా పని మాట్లాడి పెట్టాడు.

"రేకు డబ్బాలు గీక్కుంటా కూర్చునేది ఒక బతుకేందిరా? ఆడ నీకు కుర్చీ ఉండాది, నెత్తిన ఫ్యాను ఉండాది" అనేవాడు.

ఆ ఫ్యాను రెగ్యులేటరు విప్పి చూడాలన్న కోరిక తప్ప నాకు ఆ ఉద్యోగం మీద ఇంకే ఆశా పుట్టలేదు. చివరికి అమ్మ మధ్యలో పడి ఒక ఒప్పందం కుదిర్చింది. జమ్మలమడుగులో పిన్నమ్మ కొడుకు పెళ్లికి నా పెట్టె పెట్టాలి. నలుగురూ మెచ్చుకుంటే అంగడి ఉంటుంది. నవ్వితే ఫ్యాక్టరీ.

పెళ్లినాడు పొద్దున్నే బూర కట్టి స్విచ్చి వేశాను. పురోహితుడి మంత్రాల కంటే ముందు నా తుమ్మెద అందుకుంది. భోజనాల బంతిలోంచి లేచి చేతులూ కాళ్లూ కడుక్కుని మామ నేరుగా నా దగ్గరికే వచ్చాడు.

"ఏందిరా ఇది? పెండ్లికి వచ్చినామా, తేనెతుట్టె కింద కూర్చున్నామా?"

"సర్దుకుంటాది మామా. ఇప్పుడే వేడెక్కుతాండాది."

"వేడెక్కేదానికి ఇదేమన్నా నీళ్లకాగా? పొద్దున్నించి ఇదే సద్దు. గమ్మునుండమను దాన్ని."

అంటూ ఎద్దు వీపు చరిచినట్టు పెట్టెను ఒక్కటి చరిచి, చెయ్యి అక్కడే ఉంచాడు. గుయ్యి ఆగిపోయింది. ఎంత నిశ్శబ్దమంటే బూరలోంచి పురోహితుడు ఊపిరి పీల్చడం కూడా వినపడింది. మామ మీసం దువ్వుకోవడానికి చెయ్యి తీశాడు. గుయ్యి. మళ్లీ పెట్టాడు. నిశ్శబ్దం.

"అల్లుడా, ఏంది కత?" అన్నాడు, గొంతు తగ్గించి.

నాకు తెలియదు. తెలియదని చెప్పే అలవాటు కూడా నాకు లేదు. "నీ ఒంట్లో ఇనుము పాలు ఎక్కువ మామా. ఆ అయస్కాంతానికి లోపలి కరెంటు అణిగిపోతాండాది" అన్నాను.

"వేలికి చీమలు పాకినట్టుండాదిరా."

"అదే మామా శక్తి."

(ఎవరూ ఈ పని చేయకండి. ఆ చీమలు ఏ రోజైనా తేళ్లు కావచ్చు. మాకు కాలేదంటే అది అదృష్టమే గానీ నా పనితనం కాదు.)

మామ కుర్చీ తెప్పించుకుని, తలంబ్రాలు పూర్తయ్యేదాకా పెట్టె మీద వేలుంచి, పూజలో కూర్చున్నవాడిలా కదలకుండా కూర్చున్నాడు. పోతూ పోతూ "ఫ్యాక్టరీ సంగతి ఇంకొక పెండ్లి అయినాక చూద్దాంలే" అన్నాడు.

ఒక గండం గడిచిందని సంతోషించాలి కదా, నాకు అన్నం సహించలేదు. ఎందుకు ఆగింది? మామ చేతిలో ఏముంది? ఇనుము సంగతి నేను పుట్టించిందే కాబట్టి దాన్ని నమ్మే వీలు నాకొక్కడికే లేదు. అంగడికి వచ్చిన ప్రతివాణ్ణీ పెట్టె తాకమనడం మొదలుపెట్టాను. మా నాయన బడి నుంచి వస్తూ తాకాడు. గుయ్యి ఆగలేదు. "ఈ ఇంట్లో నా మాట వినేది ఏదీ లేదు, నీ పెట్టెతో సహా" అని వెళ్లిపోయాడు. టీ అంగడి భాయ్‌ని పిలిచాను. గ్లాసులు కడిగే నీళ్లలోంచి నేరుగా వచ్చాడు.

"షాక్ కొడ్తే మా ఇంట్లో ఎవురు జవాబు చెప్తారన్నా?"

"నేను చెప్తా లే, తాకు."

"నువ్వు చెప్పే జవాబు ఎవురు నమ్ముతారు?" అంటూనే తాకాడు. గుయ్యి ఆగిపోయింది. భాయ్ బక్కపలచని మనిషి, మీసం కూడా లేదు. ఇనుము సిద్ధాంతం అక్కడితో సరి.

ఆ తర్వాత ఒకసారి అంగడి కడిగి, తడి నేల మీద వట్టి కాళ్లతో నిలబడి పెట్టెను ముట్టుకుంటే నాకూ ఆగింది. ఎప్పుడూ స్టూలు మీద కాళ్లు మడిచి కూర్చుని పనిచేసే నాకు ఏదో తట్టింది. ఒక కాలెత్తాను. ఆగే ఉంది. రెండు కాళ్లూ ఎత్తితే? ఒక చేత్తో కప్పు వాసం పట్టుకుని వేలాడుతూ, ఇంకో చేత్తో బీరువా మీదున్న పెట్టెను తాకాను. గుయ్యి. దిగాను. నిశ్శబ్దం. మళ్లీ వేలాడాను. అప్పుడే టీ తెచ్చిన భాయ్ గడపలో నిలబడి కాసేపు చూసి, "ఆ పెట్టె నిన్ను మనిషిని కాకుండా చేసేటట్టుండాదన్నా" అని గ్లాసు అక్కడే పెట్టి పోయాడు.

మహిమ చేతిది కాదు, కాలిది. మనిషి ఒట్టి తీగ మాత్రమే. పెట్టె రేకులో పేరుకున్న మోతను ఒంట్లోంచి భూమిలోకి దించుతున్నాడు. నాయన కాళ్లకు చెప్పులున్నాయి, భాయ్ కాళ్లకు లేవు, పెళ్లినాడు బంతిలోంచి కాళ్లు కడుక్కుని నేరుగా వచ్చిన మామకూ లేవు. అంతే. అంగడి వెనక ఒక ఇనుప కడ్డీ దిగ్గొట్టి, ఉప్పునీళ్లు పోసి, దానికీ పెట్టెకూ ఒక తీగ కలిపాను. గుయ్యి పోయింది. ఎర్తు అనే సంగతిని ప్రపంచంలో మొదట కనిపెట్టింది నేనే అనుకున్నాను. (నేను చదివిన పత్రికలోనే, చించిన పేజీకి వెనక పేజీలో, అది వివరంగా ఉందట. ఆ పేజీ నేను చించుకోలేదు.)

ఈ సంతోషం మామకు చెప్పేలోపే ఆయన నుంచి కబురొచ్చింది. పులివెందులలో ఆయన దాయాది కూతురి పెళ్లి. ఆ దాయాదికీ మామకూ పొలం గట్టు దగ్గర నుంచి పంచె అంచు దాకా ప్రతిదాంట్లో పోటీ. నేను వెళ్లేసరికి మామ ముఖం వెలిగిపోతోంది.

"పెట్టె నా చెయ్యి పడితేనే గమ్మునుంటాదని ఆడ అందరికీ చెప్పినా. వాడు నవ్వినాడు. నవ్వినోడి ముందర నా పరువు తీస్తివంటే, తెల్లారితే నిన్ను చిలమకూరు బస్సెక్కించే బాధ్యత నాది."

ఇప్పుడు కడ్డీ దిగ్గొడితే పెట్టె మామ రాకముందే నోరు మూసుకుంటుంది. ఆయన మాట అబద్ధమవుతుంది. కాబట్టి కడ్డీని అంగడి వెనకే వదిలి, తుమ్మెదను బతికుండగానే పులివెందులకు మోసుకెళ్లాను.

పందిరి పక్కన బల్ల మీద పెట్టె గుయ్యిమంటోంది. దాయాది తన మనుషుల్ని వెంటేసుకుని వచ్చి నిలబడ్డాడు. అప్పుడు మామ వచ్చాడు. కొత్త పంచె, కొత్త కండువా, కాళ్లకు కొత్త కిర్రు చెప్పులు. ఆ చెప్పుల కిర్రు వినగానే నాకు నాయన కాళ్ల చెప్పులు గుర్తొచ్చాయి. మామ అందరి వైపూ ఒకసారి చూసి, ఠీవిగా పెట్టె మీద అరచెయ్యి వేశాడు.

గుయ్యి.

రెండో చెయ్యి కూడా వేశాడు. గుయ్యి.

"ఏమప్పా, నీ ఇనుము తుప్పు పట్టినట్టుండాదే" అన్నాడు దాయాది, చాలా మెల్లగా.

మామ నా వైపు చూశాడు. నేను ఆయన చెప్పుల వైపు చూశాను. ‘చెప్పులు విడువు మామా’ అంటే చాలు. కానీ ఆ మాట అనకూడదు. మా వైపు ఒకడి ఎదుట ఇంకొకడు చెప్పులు విడిచాడంటే తలవంచినట్టే. దాయాది ముందర ఆ పని చేయడం కంటే మామ ఆ పెట్టెను నెత్తిన పెట్టుకుని ప్రొద్దుటూరు దాకా నడవడానికైనా ఒప్పుకుంటాడు. అప్పటికే ఆయన మీసం కింద చెమట పట్టింది. ఎప్పుడూ అందరినీ అదలించే మనిషి నన్ను బతిమాలుతున్నట్టు చూడటం అదే మొదటిసారి. ఫ్యాక్టరీ సంగతి నిజంగానే మరిచిపోయాను. (మరిచిపోలేదు. వెనక్కి నెట్టాను.)

పక్కనే వచ్చినవాళ్లు కాళ్లు కడుక్కోవడానికి పెట్టిన గంగాళం ఉంది. చెంబు ముంచి తెచ్చి, మామ ముందు మోకాళ్ల మీద కూర్చుని, నలుగురికీ వినపడేలా అన్నాను: "మామా, ఇంత పెద్ద పనికి పిలిచి నీకు కాళ్లకు నీళ్లన్నా ఇయ్యకపోతిని. నా తప్పు. కాలు ఇట్ల పెట్టు."

మామ బిత్తరపోయాడు. అయినా మర్యాద చేస్తుంటే కాదనే మనిషి కాదు. నేనే చెప్పులు తీసి పక్కన పెట్టి, రెండు కాళ్లూ కడిగాను. కాళ్లకంటే నేలను ఎక్కువ తడిపాను. ఒక ముసలి జేజి గుంజకు ఆనుకుని చూస్తూ అంది: "పెండ్లిలో మామ అల్లుని కాళ్లు కడిగేది చూసినాం గాని, అల్లుడే మామ కాళ్లు కడిగేది ఈడే చూస్తాండా."

పందిరంతా నవ్వింది. "పిల్లనియ్యమని అడిగేదానికి ఇదొక తీరు లేమ్మా" అంటూ మామ తడి మట్టిలో కాళ్లు ఆనించి, చెయ్యి వేశాడు.

తుమ్మెద చచ్చిపోయింది.

మామ చెయ్యి తీసి, దాయాదితో "నువ్వు పెట్టు" అన్నాడు. దాయాది చెప్పుల కాళ్లతోనే ముందుకొచ్చి పెట్టాడు. గుయ్యి. ఆ రోజు మామ భోజనం కూడా పెట్టె పక్కకే తెప్పించుకుని ఎడమ చేతి వేలు తియ్యకుండా తిన్నాడు.

ఫ్యాక్టరీ మాట మళ్లీ రాలేదు. పిల్లనిచ్చే మాట మాత్రం వచ్చింది. (ఆ రోజు తాంబూలాల పళ్లెంతో అక్కడే నిలబడిన పిల్లే ఇప్పుడు ఈ కాగితాల మీద ఎర్ర పెన్ను పట్టుకుని కూర్చుంది. "మా నాయన చెప్పుల దిక్కు నువ్వు చూసేది నేను చూసినా" అంటుంది. అంత తెలిసీ ఎందుకు చేసుకున్నావంటే, "పెట్టెకోసం కాళ్లు పట్టుకునేవాడు పెండ్లానికోసం ఇంకేమన్నా పట్టుకుంటాడేమో అనుకుంటి" అంటుంది.)

పెళ్లయ్యాక పెట్టె వెనక ఒక చిన్న మీట అమర్చాను. అటు నొక్కితే ఎర్తు తీగ కలుస్తుంది, నిశ్శబ్దం. ఇటు నొక్కితే తీగ విడిపోతుంది, గుయ్యి. మోత పోగొట్టడానికి అందరూ తంటాలు పడతారు. మోత తెచ్చుకోవడానికి మీట ఉన్న ఆంప్లిఫైయరు లోకంలో నాదొక్కటే. (లోకమంతా తిరిగి చూడలేదు.) మామ లేని చోట అటు, మామ వచ్చే చోట ఇటు. బంధువుల్లో ఏ పెళ్లి జరిగినా ఆయన చెప్పులు విడిచి, కాళ్లు కడిగించుకుని, వేలు పెట్టి కూర్చునేవాడు. కాళ్లు కడగడం ఆ తంతులో భాగమేనని అందరికీ స్థిరపడిపోయింది.

మా చిన్నమ్మాయి పెళ్లినాటికి ఆయన బాగా పెద్దవాడయ్యాడు. అయినా కాళ్లు కడిగించుకుని కూర్చున్నాడు. వేలు పెట్టాడు. చెయ్యి వణుకుతోంది. తగిలినప్పుడు ఊరుకుంటుంది, వణికినప్పుడు మోగుతుంది. పెట్టెకు ఎక్కిళ్లు వచ్చినట్టుంది. ఆయన పళ్లు బిగించి రెండో చేత్తో మణికట్టు పట్టుకున్నాడు. నేను తీగ సర్దుతున్నట్టు వెనక్కి వంగి మీట అటు నొక్కాను.

మంత్రాలు తేటగా వినపడ్డాయి. మామ చెయ్యి పెట్టెకు జానెడు పైన గాల్లో వణుకుతూనే ఉంది. ఆయన దాన్ని చూశాడు, పెట్టెను చూశాడు.

"తాకకుండానే ఊరకుండాదే."

"నువ్వు పక్కనుంటే చాలు మామా. దానికి తెలుసు."

నా ముఖంలోకి చూశాడు. తర్వాత చెయ్యి ఒళ్లో పెట్టుకుని, "అబద్ధం చెప్పేది బాగా నేర్చినావురా అల్లుడా" అని, పెళ్లి అయ్యేదాకా హాయిగా వెనక్కి వాలి కూర్చున్నాడు.

ఇప్పుడు అంగడి మా చిన్నల్లుడు చూసుకుంటున్నాడు. మొన్న ఒక స్పీకరుకు తీగ అతికిస్తుంటే నా చెయ్యి వణికి కరిగిన సీసం చుక్క లుంగీ మీద పడింది. అతను ఆ వేడి సోల్డరింగు కడ్డీని మెల్లగా నా చేతిలోంచి తీసుకుని, "నువ్వూరికే పక్కన కూర్చో మామా. నువ్వుంటే నాకు పని బాగా అయితాది" అన్నాడు. చెవులు ఎర్రబడ్డాయి పాపం. అబద్ధం చెప్పడం అతనికి ఇంకా సరిగా రాలేదు. రోజూ పోయి కూర్చుంటున్నాను.