సగంలో ఆగిన తీసివేత

జమ్మలమడుగు కాలేజీలో ఇంటర్ చదివేటప్పుడు హాస్టల్లో ఉండేదాన్ని. మా ఊరు సింహాద్రిపురం పక్కన పల్లె. ఎలక్షన్లు దగ్గర పడ్డాయి, నాయన ఒక పార్టీ తరఫున తిరుగుతున్నాడు. ఊర్లో గొడవలుగా ఉన్నాయి, ఇంటికి రావద్దని అమ్మ కబురు పెట్టింది.

ఆ పొద్దు ఫిజిక్స్ మేడం పెద్ద పెద్ద సంఖ్యలను పదికి పవర్లు పెట్టి రాసి, వాటిని కూడటం, తీసేయడం చెప్తోంది. మూడు పాయింట్ రెండు ఇంటూ పది పవర్ ఐదు. అందులోంచి నాలుగు ఇంటూ పది పవర్ నాలుగు తీసేయాలి. "పవర్లు వేరుగా ఉంటే తీసేయకూడదు. ముందు రెండూ ఒకటి చేయాల" అని మేడం అంటుండగానే మా మామ గుమ్మంలోకి వచ్చినాడు.

"మీ నాయనకు ఒంట్లో బాగలేదు. పోదాం పా" అన్నాడు.

జీపు ముద్దనూరు దాటినాక అడిగినాను. "ఏమైంది మామా?"

మామ టువ్వాలుతో కండ్లు తుడుచుకున్నాడు. నాకు అర్థమైంది. అర్థం కాకుండా ఉండాలని ఆ లెక్క పట్టుకున్నాను. నాలుగు ఇంటూ పది పవర్ నాలుగు అంటే సున్నా పాయింట్ నాలుగు ఇంటూ పది పవర్ ఐదు. ఇప్పుడు పవర్లు ఒకటే. తీసేస్తే రెండు పాయింట్ ఎనిమిది. జీపు ఆగింది. వాకిట్లో నాయనను పడుకోబెట్టి ఉన్నారు. పొలం నుంచి వస్తుంటే అవతలి పార్టీవాళ్లు నరికినారంట.

పులివెందుల నుంచి పార్టీ పెద్దమనిషి వచ్చి నాయన మీద జెండా కప్పినాడు. మా అన్న భుజం పట్టుకుని, "మీ నాయన జాగాలో నువ్వు నిలబడాల" అన్నాడు.

అమ్మ లేచింది. "నా కొడుకును వదిలేయండప్పా. ఆ గుడ్డ గూడా తీసుకపోండి" అంది.

అమ్మే జెండా తీసి మడిచి ఆయన చేతిలో పెట్టింది.

కర్మలయినాక మమ్మల్ని ప్రొద్దుటూరుకు తెచ్చింది. అన్న బట్టలంగడిలో చేరినాడు. నేను బస్సులో జమ్మలమడుగు కాలేజీకి పోయేదాన్ని. తిరిగి పోయిన మొదటి రోజు క్లాసు అయినాక మేడం నా దగ్గర కూర్చుంది.

"నీకు ఆ లెక్క సగంలో పోయింది. చేద్దామా?"

"వచ్చింది మేడం. రెండు పాయింట్ ఎనిమిది ఇంటూ పది పవర్ ఐదు."

"ఎప్పుడు చేసినావు?"

"జీపులో."

మేడం నా తల మీద చెయ్యి పెట్టింది.

ఇప్పుడు నేనూ ప్రొద్దుటూరు కాలేజీలో అదే పాఠం చెప్తాను. ఆ జవాబు రాసేటప్పుడు నాయన ముఖం వస్తుంది. బతికున్నప్పటి ముఖం కాదు, వాకిట్లోది. మొన్న లెక్క మధ్యలో గుమ్మం దగ్గర ఒకాయన నిలబడినాడు. నా చేతిలో సుద్దముక్క విరిగింది.

"మా పాప బువ్వ మర్చిపోయి వచ్చింది మేడం" అన్నాడాయన.

ఆ పిల్ల బయటికి పోయి వాళ్ల నాయనతో నవ్వుతా ఏదో మాట్లాడుతోంది. "తర్వాత ఏంది మేడం?" అని మిగతా పిల్లలు అడుగుతున్నారు.

"ఉండండి, ఆ పాపను రానీండి" అన్నాను.