రూతు ఇచ్చిన చోటు

రెండేళ్ల క్రితం, మిరపకాయలు కోసే రోజులవి. గురజాల దగ్గర చేలోకి తెల్లవారుజామునే కూలికి వెళుతుంటే మా ఆటోను లారీ పక్కనుంచి గుద్దింది. నా చెయ్యి విరిగింది. నా పక్కన కూర్చున్న స్నేహితురాలు రూతు అక్కడే చనిపోయింది.

కట్టు విప్పాక వచ్చిన ఆదివారం, చర్చిలో సాక్ష్యం చెప్పడానికి లేచాను. "దేవుడు కృప చూపి నన్ను బతికించాడు" అన్నాను. అందరూ "స్తోత్రం" అన్నారు. ముందు చాప మీద ఉన్న రూతు తల్లి ఏస్తేరమ్మ మాత్రం తలెత్తి నన్నే చూసింది. సిగ్గుతో కూర్చోబోయాను.

"కూర్చోమాకే. పక్కనే ఉన్నావుగా, నా బిడ్డ ఆఖర్న ఏమందో చెప్పు" అంది.

ఆ మాట అప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు.

"'చలికి వణికిపోతన్నావు, నువ్వు లోపలికి జరుగు, చివర నేను కూర్చుంటా' అంది పిన్నీ."

ఏస్తేరమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. ఈసారి ఎవరూ స్తోత్రం అనలేదు.

దేవుడి కృపకు కృతజ్ఞత ఎలా చెప్పాలో నాకిప్పటికీ సరిగా తెలియదు. మంచు కురిసే ఆదివారాల్లో ఏస్తేరమ్మను లోపలివైపు కూర్చోబెట్టి, చలిగాలి కొట్టే గుమ్మం పక్కన నేను కూర్చుంటాను.